బల్ల దగ్గర లొల్లి (వాడ ముచ్చట్లు – 17)



"అన్నా, చర్చిల వర్గీకరణ మాట ఎత్తొచ్చా?" అని దేవరకొండ దిక్కు నుంచి ఒక డిగ్రీ తమ్ముడు అడిగిండు. వాళ్ల యూత్ మీటింగుల ఈ మాట వచ్చిందట. మాల, మాదిగ పిల్లలు గట్టిగనే వాదించుకున్నరట. పెద్దలు లేచి "క్రీస్తులో కులం లేదు, ప్రార్థన చేసుకుందాం" అని ముగించిన్రట. ప్రార్థన అయింది, లొల్లి వాట్సాప్‌కు పోయింది. ఆదివారం నాటికి కూసునే బెంచీలు కూడా వేరైనయట.

తమ్మీ, ఎత్తాలె. చర్చిలనే ఎత్తాలె.

నల్లగొండల బాప్టిస్టులు, పాలమూరు, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండల మెన్నొనైట్ బ్రదరెన్. ఈ సంఘాలు నిలబడ్డదే మన వాడల మీద. అక్షరం వచ్చింది, ఆత్మగౌరవం వచ్చింది. కానీ పెండ్లి సంబంధం కాడ, సంఘం కమిటీ ఎన్నికల కాడ కులం పోయిందా? "క్రీస్తులో కులం లేదు" అన్నది మనం చేరాల్సిన ఊరు. చేరకముందే చేరినమని చెప్పి నోరు మూయిస్తే అది విశ్వాసం కాదు, తప్పించుకునుడు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి 6–1తో వర్గీకరణ చెల్లుతదన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులు: 1, 9, 5 శాతం. మాదిగలు రెండో గ్రూపు, మాలలు మూడో గ్రూపు. మన పిల్లల సీట్ల ముచ్చట ఇది. దీని గురించి మాట్లాడని సంఘం ఇంక దేని గురించి మాట్లాడుతది?

బైబిల్ తెరువున్రి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. రోజూ పంచే తిండిల తమ విధవలకు అన్యాయం జరుగుతున్నదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగిన్రు. అది కూడా పంపకం తగాదనే. అపొస్తలులు "మనల మనకు తేడాలెందుకు" అని కసురుకోలేదు. అందరినీ పిలిచిన్రు, ఏడుగురిని ఎన్నుకోమన్నరు. స్తెఫను, ఫిలిప్పు మొదలు ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయినమన్నోళ్ల చేతికే గంటె ఇచ్చిన్రు. సంఘం చీలలేదు, పెరిగింది.

మనోళ్ల మౌనానికి ఇంకో కారణం ఉన్నది, భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను చేర్చిన్రు, మనల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీలకు ఇక్కడ మిగిలింది బీసీ-సీ, 1 శాతం. అందుకే చర్చిల కులం పేరెత్తాలంటే గుండె దడ. ఎదుటోడు మాట్లాడకపోతే పిరికోడని తిట్టకున్రి. వాని సర్టిఫికెట్ గురించి గ్రూపులల్ల రాయకున్రి. వాదనల గెలవనీకి సాటి దళితుని బతుకు బయటపెట్టుడు ద్రోహం.

మా స్టడీ సర్కిల్‌ల ఒక పద్ధతి పెట్టుకున్నం. ఎదుటోని వాదన ముందు నువ్వు చెప్పాలె, వాడు "అవును, నా మాట ఇదే" అన్నంకనే నీ వాదన. నేను మాదిగోన్ని. మాల మిత్రుని మాట నేనే చెప్పిన: పాత 2011 లెక్కలతో పంచిన్రు, ప్రైవేటుల రిజర్వేషనే లేదు, ఉన్న ముక్క కోసం కొట్లాడితే పెద్ద పోరాటం ఆగుతది. ఆయన తలూపిండు. తర్వాత నా మాట ఆయన చెప్పిండు: వెనకబడ్డోనికి వాటా లేని ఐక్యత ముందున్నోనికే లాభం. ఎవరి పక్షం వాళ్లదే. నేను ఇయ్యాల్టికీ వర్గీకరణ న్యాయమే అంట. ఆయన కాదంటడు. పారా 3 రద్దు కోసం మాత్రం ఇద్దరం ఒకటే కరపత్రం పంచుతం.

ఒక గీత మటుకు ఉన్నది. అంతియొకయల పేతురు అన్యజనులతో కలిసి తినుడు మానేస్తే పౌలు అందరి ముందటనే నిలదీసిండు. శాతాల మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఒకే బల్ల కాడ కూసోవాల్నా వద్దా అన్నదాని మీద వాదన లేదు. ఎంత లొల్లి అయినా రొట్టె ఒక్కటే, గిన్నె ఒక్కటే.

వచ్చే వారం 1950 ఉత్తర్వు కథ. మీ సంఘాలల్ల ఏం జరుగుతున్నదో కింద రాయిన్రి. పేర్లు లేకుండ.