తమ్ముడు తిరగబడ్డ రోజు

గోదావరికి పెద్ద వరద వచ్చిన 1986లో మేము తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. కర్నూలు నుంచి లారీలు దిగే రోజుల్లో ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటేది. చొక్కా విప్పి దండెం మీద వేస్తే గదంతా ఉల్లి వాసన. నేను పదో తరగతి, తమ్ముడు ఎనిమిది. ఇద్దరిదీ ఒకే హైస్కూలు.

తమ్ముడికి నత్తి. ఇంట్లో మాతో మాట్లాడేటప్పుడు అంతగా తెలిసేది కాదు. క్లాసులో లేచి పాఠం చదవమంటే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, వాడి చుట్టూ తిరిగే ఇంకో ముగ్గురు దాన్ని ఆటగా పెట్టుకున్నారు. పేరు అడిగేవారు, వాడు చెప్పేలోపు వాళ్ళే సాగదీసి అనేవారు. మొదట్లో అంతవరకే. తర్వాత క్యారేజీ దాచడం, చెప్పులు గోడ అవతల పారెయ్యడం, ఇంటర్వెల్లో గోడకి ఆనించి పట్టుకుని "ఆగకుండా నీ పేరు చెప్తే వదుల్తాం" అనడం. దసరా సెలవుల ముందు మొదలైంది సంక్రాంతి దాటినా ఆగలేదు.

"వాళ్ళ జోలికి పోకు నాన్నా, పక్కనుంచి వచ్చెయ్" అనేది అమ్మ. ఆ మాటకి కారణం ఉంది. ఆ అబ్బాయి, మా నాన్న పనిచేసే కొట్టు షావుకారు గారి మేనల్లుడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను బోరింగు దగ్గర క్యారేజీ గిన్నెలు కడుక్కుంటున్నాను. సైకిళ్ళు పెట్టే చోట గోల వినబడి తిరిగి చూశాను. ఇద్దరు తమ్ముడి చేతులు చెరోపక్కా పట్టుకున్నారు. షావుకారు గారి మేనల్లుడు వాడి సంచి తలకిందులు చేసి పుస్తకాలు దులుపుతూ వాడిలాగే మాట్లాడి చూపిస్తున్నాడు. నేను పరిగెత్తి వెళ్ళేలోపే తమ్ముడు ఒక్క గుంజు గుంజి చేతులు విడిపించుకున్నాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి రెండు చేతులతో తోశాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. పట్టుకున్న ఇద్దరూ వెనక్కి తగ్గారు. అప్పుడు కింద పడి ఉన్న జామెట్రీ బాక్సు తీసి తమ్ముడు వాడి నుదుటి మీద కొట్టాడు. రేకు డబ్బా. రక్తం కారింది. డ్రిల్లు మాస్టారు వాణ్ణి సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్తే రెండు కుట్లు పడ్డాయి.

సాయంత్రానికి వార్త మా వీధికి చేరింది. మావయ్య వచ్చి తమ్ముడి వీపు చరిచి, "శభాష్‌రా! ఇంకో రెండు తగిలించాల్సింది" అన్నాడు. అమ్మ ఏడుస్తూ, "రాత్రికే వెళ్ళి షావుకారు గారి కాళ్ళ మీద పడదాం" అంది. తమ్ముడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు.

నాన్న వచ్చాడు. కొట్టులోనే ఆయనకి చెప్పారట: రేపు మీవాణ్ణి తీసుకొచ్చి కాళ్ళు పట్టించు, అక్కడితో వదిలేద్దాం అని. నాన్న ఆ సంగతి వెంటనే చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, ముందు చొక్కా విప్పించాడు. లాంతరు దగ్గరికి జరిపి చూశాడు. భుజాల మీద కొత్తగా గోళ్ళ గీతలు, మోచేతి దగ్గర పాతది, పసుపు పచ్చగా మారిన కమిలిన మచ్చ. "ఇది ఎప్పటిది?" అని అడిగాడు. తమ్ముడు మాట్లాడలేదు. "మొదట్నుంచీ చెప్పు. తొందరేం లేదు" అన్నాడు.

ఆ రాత్రి తమ్ముడు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మాట మధ్యలో ఆగిపోయినప్పుడు మావయ్య అందించబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్క మాట కూడా తను అందించలేదు. వాడే చెప్పేదాకా కూర్చున్నాడు. విన్నదంతా కొట్టు చిట్టాలో రాసినట్టే ఒక నోటు పుస్తకంలో వరసగా రాశాడు: ఏ పండగ ముందు, ఎక్కడ, ఎవరెవరు, ఎవరు చూశారు. పిల్లవాడి మాటకి అంత విలువ ఇవ్వడం నేను అంతకు ముందు ఏ ఇంట్లోనూ చూడలేదు.

అంతా అయ్యాక అన్నాడు: "చేతులు పట్టుకుంటే విడిపించుకున్నావు, తోశావు. అందులో నీ తప్పు లేదు. ఎవరడిగినా భయపడకుండా అదే చెప్పు. వాడు పడిపోయాక డబ్బాతో కొట్టావు చూశావా, అది తప్పు. కంటికి తగిలి ఉంటే?" తమ్ముడు అప్పుడు ఏడ్చాడు. మావయ్యతో, "బావా, నువ్వు వాడికి శభాష్ చెప్పకు" అన్నాడు. అమ్మతో, "కాళ్ళు పట్టుకోవడం ఉండదు. క్షమాపణ ఎంతవరకు చెప్పాలో అంతవరకు చెప్తాడు" అన్నాడు. అమ్మ భయం తీరలేదు. ఆ భయం అబద్ధమూ కాదు. మా ఇల్లు ఆ కొట్టు జీతం మీదే నడిచేది.

మర్నాడు హెడ్మాస్టరు గారి గదిలో నేనూ ఉన్నాను, చూసినదాన్ని కాబట్టి. ఆయన అప్పటికే రిజిస్టరులో ఒక వాక్యం రాసి పెట్టారు: ఎనిమిదో తరగతి విద్యార్థులు ఇద్దరు కొట్టుకున్నారు, ఒకరికి గాయమైంది. "ఇద్దరిదీ తప్పేనయ్యా, ఇద్దరికీ చెరి రెండు బెత్తం దెబ్బలు వేసి పంపించేస్తాను" అన్నారు. నాన్న నిలబడే ఉన్నాడు. "మావాడు డబ్బాతో కొట్టింది తప్పేనండి. శిక్ష వెయ్యండి. ఆస్పత్రి ఖర్చు నేను ఇచ్చుకుంటాను. దానికి ముందు ఇన్నాళ్ళు జరిగింది కూడా రాయండి. జమ ఒక్కటే రాసి ఖర్చు వదిలేస్తే అది లెక్క ఎలా అవుతుందండీ?" అని నోటు పుస్తకం బల్ల మీద పెట్టాడు.

హెడ్మాస్టరు గారికి అది నచ్చలేదు. అయినా మేనల్లుడి చుట్టూ తిరిగే ముగ్గురు కుర్రాళ్ళనీ ఒక్కొక్కణ్ణే పిలిచారు. ఇద్దరు బుకాయించారు. మూడోవాడు అంతా ఒప్పుకున్నాడు. నేను చూసింది నేను చెప్పాను. రిజిస్టరులో రెండో పేరా పడింది. తమ్ముడు ఆ అబ్బాయి ముందు నిలబడి, "డబ్బాతో కొట్టినందుకు క్షమించు" అన్నాడు. మొదటి అక్షరం దగ్గర ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, పూర్తి చేశాడు. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. మేనల్లుణ్ణి వేరే సెక్షనుకి మార్చారు. తమ్ముడికి వాళ్ళు పెట్టిన వెక్కిరింపు పేరు మాత్రం పదో తరగతి దాకా పోలేదు, కానీ వాడి మీద మళ్ళీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నాన్న ఉద్యోగం నిలిచింది. ఆ ఏడాది దసరాకి కొట్టులో అందరికీ ఇచ్చిన బట్టలు ఆయనకి ఇవ్వలేదు.

తర్వాత నేను టీచరునయ్యాను. కృష్ణా జిల్లాలో ఒక బడిలో చేస్తుండగా ఏడో తరగతి అమ్మాయి ఒకతె, రోజూ జడ లాగి రిబ్బన్లు కోసే కుర్రాణ్ణి పరీక్ష అట్టతో చెంప మీద కొట్టింది. కబురు పెడితే తండ్రి వచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. "ఆడపిల్లవి, చెయ్యి ఎత్తుతావా" అని స్టాఫ్ రూములో మా అందరి ముందూ ఆ పిల్లని కొట్టాడు. నేను లేచి మధ్యకి వెళ్ళేలోపే అయిపోయింది. అవతలివాళ్ళు శాంతించారు, రాజీ కుదిరిందన్నారు. ఆ పిల్ల మళ్ళీ ఎవరికీ ఏ సంగతీ చెప్పలేదు. మరుసటి ఏడు ఆ కుర్రాడి గుంపు దారిలో వెంటపడేదని ఆమె బడి మానేశాక స్నేహితురాలు చెబితే తెలిసింది. మేము ఇంటికి వెళ్ళేసరికి సంబంధాలు చూస్తున్నారు. తండ్రి కొట్టిన ఆ దెబ్బ కుర్రాడు చేసినదానికంటే ఎక్కువ నష్టం చేసిందని నేను ఇప్పటికీ అంటాను.

"ఇద్దరిదీ తప్పే" అన్న తీర్పు ఎందుకు అన్యాయమో తర్వాత చదివి తెలుసుకున్నాను. బడి పిల్లల మధ్య వేధింపుల మీద 1970ల నుంచి పరిశోధన చేసిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, ఇద్దరి బలంలో తేడా ఉండడం. నలుగురు ఒకణ్ణి నెలల తరబడి ఏడిపిస్తే అది పిల్లల కొట్లాట కాదు. నాన్న ఆ రాత్రి గీసిన గీత చట్టంలోనూ ఉంది. ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. కాపాడుకోవడానికి అవసరమైనంత వరకే, అంతకు మించి గాయం చెయ్యకూడదు. కమీషన్ కొట్టు గుమాస్తాకి ఆ సెక్షన్లు తెలియవు. కొడుకు మాట పూర్తిగా విన్నాడు కాబట్టి గీత ఎక్కడ గీయాలో తెలిసింది.

అప్పటికీ ఇప్పటికీ కొన్ని మారాయి. 2009 విద్యా హక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది; చెరి రెండు బెత్తం దెబ్బలు ఇప్పుడు తీర్పు కాదు, చట్ట విరుద్ధం. సీబీఎస్ఈ 2015లో తన బడులన్నిటికీ ఇలాంటి వేధింపుల మీద కమిటీ పెట్టమని చెప్పింది. పిల్లలే ఫోన్ చేసి చెప్పుకోవడానికి 1098 ఉంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. పిల్లల్ని దింపడానికి వెళ్ళినప్పుడు ఫీజులూ యూనిఫారాలతో పాటు ఇవీ అడగండి: ఇక్కడ పిల్లల ఫిర్యాదు ఎవరు రాసుకుంటారు? ఏ పుస్తకంలో? కొట్టినవాడిదీ కొట్టించుకున్నవాడిదీ ఇద్దరి మాటా విడివిడిగా వింటారా? మీవాడు ఎవరినైనా కొట్టాడని కబురు వస్తే, బడికి బయల్దేరే ముందు వాడి చొక్కా విప్పించి చూడండి, వాడు చెప్పేది చివరిదాకా వినండి. తర్వాత కాగితం మీద రాసుకుని వెళ్ళి, దాని నకలు మీద హెడ్మాస్టరు సంతకం తీసుకోండి.