పూల ఊళ్ళో పాటల పెట్టె

విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళే బస్సెక్కితే, సుమారు పాతిక కిలోమీటర్ల తర్వాత ఆనందపురం వస్తుంది. బంతి, చామంతి, కనకాంబరాలు గంపలకొద్దీ అమ్మే పూల మార్కెట్టు ఈ ఊరికి అందం. పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే పొద్దెక్కకముందే వెళ్ళాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న మహానగరానికి ఇంత దగ్గరైనా, జంక్షను దాటి లోపలి వీధుల్లోకి వెళితే పల్లె వాసన ఇంకా పోలేదు.

ఈ మధ్య పూల కోసం వెళ్ళి మా పెద్దమ్మ ఇంట్లో దిగితే, పాటల పంచాయితీ ఎదురైంది. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం 1973లో విడుదల చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' రికార్డును కొత్త ముద్రణలో, వేలు పోసి తెప్పించుకున్నాడు అన్నయ్య. దానికి చోటు కోసం అటక మీది పెద్దమ్మ రికార్డుల పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు.

"ఏట్రా, నీది పాటా, నాది పెంకుముక్కా?" అంది పెద్దమ్మ.

కొత్తదానికి అంత ఖరీదెందుకని అడిగాను. మామూలు ఎల్పీ 120 నుంచి 140 గ్రాములుంటే, ఇది 180 గ్రాములట. స్టూడియోలోని అసలు టేపు నుంచి, కొన్నిసార్లు సగం వేగంతో నడిపి మరీ, జాగ్రత్తగా గాడి చెక్కుతారట. అమెరికాలో 2022లో సీడీల కన్నా ఇవే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు.

మరి పెద్దమ్మ పెట్టెలో? ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఒకటి. ఆయన కన్నుమూసిన 1974లోనే విడుదలైంది. దాని కింద ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, 78 వేగం రికార్డు. ఈ పాత రికార్డుల్లో ఉండేది లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే! చెయ్యి జారితే అప్పడంలా విరుగుతుంది. ఒక పక్క మూడు నిమిషాల పాటే.

అసలు సంగతి ఇక్కడుంది. టేపులు రాకముందు పాటను నేరుగా మైనపు పళ్ళెం మీద చెక్కి, దాన్నుంచి లోహపు అచ్చు తీసేవారు. ఆ అచ్చు పోతే ఇక మిగిలేది ఇళ్ళల్లో ఉన్న రికార్డులే. పింక్ ఫ్లాయిడ్‌కు అసలు టేపుంది కాబట్టి ఎన్నిసార్లయినా ముద్రిస్తారు. మన అటక ఖాళీ చేస్తే కొన్ని పాటలకు మళ్ళీ పుట్టుక ఉండదు.

అన్నయ్య తన కొత్త మిషను మీద గీత పెట్టాడు. చిటపటలున్నా గొంతు నిండుగా వచ్చింది. పెద్దమ్మ చేతిలో పూలు అల్లడం ఆపేసింది. ద్వారం వారిది మాత్రం వినలేకపోయాం. ఆ మిషనుకు 78 వేగం లేదు. అది ఉన్న మిషను వెతుకుతానని అన్నయ్యే పెట్టెను బీరువాలోకి చేర్చాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ఈ జాగ్రత్తలు పాటించండి:

రికార్డులను పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. ఎండ తగలకూడదు.

అంచులు పట్టుకునే తీయాలి. దుమ్మును మెత్తని పొడి బ్రష్‌తో, గాడి వెంబడే తుడవాలి.

లక్క రికార్డుకు స్పిరిట్ తగలనివ్వకండి, కరిగిపోతుంది.

ఎల్పీని కీ ఇచ్చే పాత గ్రామఫోను మీద పెట్టకండి. బరువైన ముల్లు గాడిని పాడుచేస్తుంది.

ఆనందపురంలో పూలు కొన్నాక, అదే బస్సు దారిలో విజయనగరం వెళ్ళండి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల అక్కడుంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, ద్వారం వారు ఆ తర్వాతివారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు మాత్రం, అటక మీది పెట్టెను ఒకసారి తెరిచి చూశాకే పక్కన పెట్టండి.