గ్వాటెమాలా దేశమున సంతల వెంట

ఉత్తర దక్షిణ అమెరికా ఖండములను కలుపుచు నడుమ సన్నని భూభాగమొకటి కలదు. దానిని మధ్య అమెరికా యందురు. అందలి 7 దేశములలో మెక్సికోకు దక్షిణమున, దాని నానుకొని యున్నది గ్వాటెమాలా. వైశాల్యము 1,08,889 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణముకంటె కొంచెము చిన్నది. ఒకవైపు పసిఫిక్ మహాసముద్రము, మరియొకవైపు కరిబియన్ సముద్రము, నడుమ అగ్నిపర్వతముల వరుస, ఉత్తరమున దట్టమైన యడవి. రాజభాష స్పానిషు. అయినను పల్లెలలో నేటికిని 22 మాయా భాషలు వాడుకలో నున్నవి. ఒక కొండ దిగి మరియొక కొండ యెక్కినచో మాట మారును. స్త్రీల రవికెల మీది పూవులును మారును.

ఇట్టి దేశమున యాత్రా కంపెనీవారి యేర్పాటు లేకుండ, స్వయముగా దారులు వెదకికొని తిరుగుట సాధ్యమా యని పలువురు సోదరీమణులు మమ్మడిగిరి. సాధ్యమే. ప్రయాణీకుల రైలు అచ్చట లేదు. పల్లెబస్సుల వేళలు చాలచోట్ల ఏ గోడమీదను వ్రాసియుండవు. అయినను తెల్లవారకమునుపే స్త్రీలు బుట్టలు నెత్తిన బెట్టుకొని, బిడ్డలను వీపున గట్టుకొని యూరూర బోవుచునే యుందురు. వారిని నడిపించునది సంత. ఏ యూర నేనాడు సంతయో తెలిసికొన్నవారికి ఆ దేశపు దారులు సగము తెలిసినట్లే. తక్కిన సగము ప్రక్కన గూర్చున్న స్త్రీ చెప్పును. మేమీ సూత్రమునే పట్టుకొని మూడువారములు తిరిగితిమి.

పోదలచినవారు నవంబరు మొదలు ఏప్రిల్ వరకు గల పొడి దినములలో పోవుట మేలు. మే నుండి అక్టోబరు వరకు వానలు. కొండచరియలు విరిగిపడి దారులు మూతపడుటయు గలదు. మన దేశమునుండి నేరుగా విమానము లేదు. దిగు దేశమునకే గాక, నడుమ విమానము మారు దేశమునకును వీసా కావలసివచ్చునేమో ముందే విచారించుకొనవలెను. అచ్చటి నాణెమునకు కెత్సాల్ అని పేరు. అది పచ్చని పొడవైన తోక గల యొక పక్షి పేరు. పూర్వము మాయా రాజులు దాని యీకలను శిరోభూషణములందు ధరించెడివారు. ఆ పక్షి నేటి జెండా మీదను కలదు.

విమానము దిగునది రాజధానియగు గ్వాటెమాలా నగరమున. అచ్చట నిలువక, సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఆంటిగ్వా పట్టణమునకు చేరుట యాత్రికుల వాడుక. ఇదియే పూర్వపు రాజధాని. 1773లో వచ్చిన భూకంపములచే కూలిపోగా ప్రభువులు రాజధానిని నేటి చోటికి మార్చిరి. కూలిన చర్చిల గోడలు కొన్ని అట్లే నిలిచియున్నవి. వీధులన్నియు రాళ్లు పరచినవి. పట్టణమునకు దాపున మూడు పర్వతములు కలవు: ఆగ్వా, అకాతెనాంగో, ఫ్వేగో. స్పానిషున ఆగ్వా యనగా నీరు, ఫ్వేగో యనగా నిప్పు. 2018 జూన్ 3న ఫ్వేగో బ్రద్దలై పాదమున నున్న పల్లెలను బూడిదతో కప్పివేసినది. వందలకొలది జనులు మరణించిరి, లేదా జాడ తెలియకపోయిరి. రాత్రివేళ మేడమీద నిలిచి దాని యెర్రని జ్వాలను చూచునప్పుడు కన్నులకు వేడుకయే. కాని ఆ పాదముననే దీపములు పెట్టుకొని సంసారములు చేయువారిని తలచినచో గుండె జల్లుమనును.

ఆంటిగ్వాలో పల్లెబస్సులు నిలుచు స్థలము సంత వెనుకనే కలదు. ఈ బస్సును వారు కామియొనేతా యందురు. కోళ్లుగూడ ఎక్కును గనుక విదేశీయులు దీనిని పరిహాసముగా కోడిబస్సని పిలుతురు. ఇవి అమెరికా సంయుక్త రాష్ట్రములలో బడిపిల్లలను మోసి మోసి ముసలివైన పసుపుపచ్చని బండ్లు. వీనిని వేలములో కొని, మెక్సికో మీదుగా నడిపించుకొనివచ్చి, మరమ్మతు చేసి, ఎరుపు నీలము రంగులు పూసి, ముందు వెండివలె మెరయు రేకులు తొడిగి, నుదుట ఒక స్త్రీ పేరో దేవుని నామమో వ్రాయించి పెండ్లికూతురివలె సింగారింతురు. ఇద్దరు పిల్లల కుద్దేశించిన బల్లపై ముగ్గురు పెద్దలు కూర్చుందురు. నడిమి దారిలో నిలుచువారు వేరు.

మన బండ్లలోని క్లీనరువంటి వానిని అచ్చట ఆయుదాంతె యందురు. ఆ మాటకు సహాయకుడని యర్థము. తలుపుకడ వ్రేలాడుచు “గ్వాతె, గ్వాతె” యనియు “షేలా, షేలా” యనియు బండి పోవు నూరిపేరు కేకవేయును. గ్వాతె యనగా రాజధాని. షేలా యనగా పడమటి కొండలలోని కెత్సాల్తెనాంగో పట్టణము. మూటలను పైకప్పు మీది కెక్కించుటయు, ఎవరెచ్చట నెక్కిరో జ్ఞాపకముంచుకొని సొమ్ము వసూలు చేయుటయు నాతని పనియే. టిక్కెట్టు లేదు. ప్రక్కవా రెంత యిచ్చుచున్నారో చూచి యంతే చిల్లరగా నీయవలెను. విలువైన వస్తువుల సంచిని మాత్రము పైకప్పు కెక్కింపనీయక యొడిలోనే పెట్టుకొనవలెను.

ఇంకొక సంగతియు దాచరాదు. రాజధానిలో బస్సువారిని బెదరించి సొమ్ము లాగు దొంగమూకలు కలవు. ఈయనివారిని చంపుటయు జరిగినది. కావున నగరములోపలి బస్సు లెక్కవలదు. నమ్మకమైన టాక్సీయే మేలు. చీకటి పడిన పిమ్మట ఏ దారిని ప్రయాణింపరాదు. అలసిన దినమున, దూరపు కొండదారులందు, యాత్రికులకై నడుపు చిన్న వ్యానులు దొరకును. వెల కొన్ని రెట్లధికమైనను సుఖముగా చేరవచ్చును. మేమును రెండుమార్లు వాని నెక్కితిమి.

ఆంటిగ్వానుండి చిమల్తెనాంగో మీదుగా లోస్ ఎన్‌క్వెంత్రోస్ అను కూడలికి పోతిమి. కూడళ్లని దాని యర్థము. అచ్చటనుండి ఒక దారి చిచికాస్తెనాంగోకు, మరియొకటి సోలోలా మీదుగా అతిత్లాన్ సరస్సునకు పోవును. చిచికాస్తెనాంగో సంత గురు ఆదివారములలో. సోలోలా సంత మంగళ శుక్రవారములలో. ఆయా దినములలో నీ దారులందు బండి వెనుక బండి. దిగవలసినచోటు మాకు తెలియకపోయినను, ప్రక్కనున్న ముదుసలి తన యుల్లిపాయల బుట్ట నొకకొంత మా కాళ్లమీద నుంచి, కూడలి రాగానే మోచేతితో పొడిచి లేపెను. ఆ బుట్టను మోసినందులకు మాకు దొరికిన కూలి యదియే.

చిచికాస్తెనాంగోలో సాంతో తోమాస్ చర్చి కలదు. 16వ శతాబ్దమున మాయావారి పూర్వపు పూజాస్థానము మీద దానిని కట్టిరి. దాని మెట్లు 18. మాయా సంవత్సరమున 20 దినముల నెలలును 18. మెట్లమీద స్త్రీలు పూవు లమ్ముచుందురు. పెద్దలు సాంబ్రాణివంటి కోపాల్ ధూపము వేయుచుందురు. మాయావారి సృష్టిపురాణమగు పొపోల్ వూహ్‌ను 18వ శతాబ్దారంభమున హిమేనెస్ అను క్రైస్తవ సన్యాసి యెత్తి వ్రాసికొన్నది ఈ యూరనే. దేవతలు మట్టితో చేసిన మనిషి కరగిపోయెననియు, కొయ్యతో చేసినవానికి హృదయము లేకపోయెననియు, కడకు మొక్కజొన్నపిండితో చేసినవాడే మనుష్యుడయ్యెననియు అందు కలదు. అన్నము పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగిన మనకీ కథ పరాయిదిగా దోపదు.

ఆ మొక్కజొన్నయే వారి నిత్యాహారము. గింజలను సున్నపునీటిలో ఉడికించి, కడిగి, రుబ్బుదురు. సున్నము చేరుటచే పొట్టు వదలును. గింజలోని పోషకము శరీరమున కందును. ఇట్లు చేయక మొక్కజొన్ననే ముఖ్యాహారముగా తిన్న దేశములలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి ప్రబలినది. ఆ ముద్దను స్త్రీలు రెండరచేతుల నడుమ తట్టుచు పెనముమీద వేయు చప్పుడు వినినచో మన జొన్నరొట్టె జ్ఞాపకము రాక మానదు. శాకాహారులకు నీ రొట్టెలు, నల్లచిక్కుడు గింజలు, అరటికాయ వేపుడు, అవకాడో పండు దొరకును. ఒక్క హెచ్చరిక: “కార్నె” లేకుండ కావలెనన్నచో కోడిమాంసము పెట్టుదురు, ఆ మాటకు పశుమాంసమనియే వారి వాడుక గనుక. చిక్కుడు గింజలలో పంది క్రొవ్వు కలిసినదేమో యడుగవలెను. కుళాయినీరు త్రాగరాదు.

సోలోలానుండి కొండ దిగినచో పనహచెల్. అదియే అతిత్లాన్ సరస్సు రేవు. సముద్రమట్టమునకు సుమారు 1,560 మీటర్ల యెత్తున, 300 మీటర్లకు పైగా లోతుగల యీ సరస్సు నొక ప్రాచీన అగ్నిపర్వతపు బిలమున నేర్పడినది. చుట్టును పల్లెలు. పడవలే బస్సులు. మధ్యాహ్నము దాటగా షోకోమీల్ అను గాలి లేచి యలలు చెలరేగును. కావున ప్రొద్దుటనే దాటవలెను.

సరస్సు కావలి యొడ్డున సాన్ హువాన్ అను పల్లెలో స్త్రీలు సంఘములుగా నేర్పడి నేతపని చేయుచున్నారు. వారి మగ్గము కొన్ని కర్రలు, ఒక నడుముపట్టె మాత్రమే. పడుగు నొక కొన చెట్టుకో స్తంభమునకో కట్టి, రెండవ కొన నడుమునకు తగిలించుకొని, మోకాళ్లపై కూర్చుండి, ముందుకు వెనుకకు నొరగుచు పడుగును వదలుచు బిగించుచు నేయుదురు. వీపిల్ అను రవికె యొకటి పూర్తియగుటకు నెలలు పట్టును. నడుమున చుట్టుకొను కోర్తె యను వస్త్రమున మన పోచంపల్లి పద్ధతియే కనబడినది. నేయకమునుపే నూలును కట్టికట్టి రంగున ముంచుదురు. దీనిని వారు హాస్పె యందురు.

అచ్చటి నేతగత్తె యొకతె మా చీరయంచు పట్టి చూచి, స్పానిషు వచ్చిన కూతురిచే “ఎవరు నేసిరి?” అని యడిగించెను. మంగళగిరి నేత యని చెప్పితిమి. “ఊరు కాదు, మనిషి” యని యామె మరల నడిగెను. మాయొద్ద జవాబు లేదు. ఆమె లెక్కలో గుడ్డకు నేసినవారి పేరుండవలెను.

వీపిల్ ధరించుటకు వారు చెల్లించిన వెలయు గొప్పదే. 1960 నుండి 1996 వరకు నా దేశమున అంతర్యుద్ధము నడచినది. 2,00,000 మందికి పైగా చంపబడిరి లేక మాయమైరి అని 1999లో సత్యశోధక సంఘము తేల్చినది, అందధికభాగము మాయావారు. రవికె మీది పూవు చూడగనే యే యూరిదో తెలియును గనుక, సైన్యమునకు జడిసి పారిపోవు స్త్రీలు కొందరు తమ వీపిల్ విడిచి పరాయి దుస్తులు కట్టుకొనిరి. తక్కినవారు విడువలేదు. 1992లో నోబెల్ శాంతి బహుమానము నందిన రిగోబెర్తా మెంచూ ఆ జాతి స్త్రీయే. నేడు యంత్రముపై అచ్చొత్తిన నకళ్లు సంతలో చౌకగా దొరకుచున్నవి. కావున కొనువారు నేసినవారి చేతినుండియే కొనవలెను. బేరము వాడుకయే, కాని నెలల పనిని పూటకూలికి దింపుట న్యాయము కాదు.

ఉత్తరమున పెతెన్ అడవిలోని తికాల్ శిథిలములు చూడకున్న యాత్ర కొరతపడును. రాజధానినుండి ఫ్లోరెస్ పట్టణమునకు బస్సున దాదాపు 10 గంటలు, విమానమున గంటసేపు. అచ్చటనుండి వ్యానుమీద తికాల్ చేరవచ్చును. అడవి చెట్ల తలలకు పైగా గోపురములు లేచియున్నవి; నాలుగవ గోపురపు టెత్తు 60 మీటర్లకు పైమాట. దానిపైనుండి చూడగా ఆకుపచ్చని సముద్రమే. లోపలనుండి కోతుల గర్జన. ఈ జనులు సున్నను తామే కనిపెట్టి, గవ్వవంటి గుర్తుతో వ్రాసిరి. పెతెన్‌కు దక్షిణమునగల కొబాన్ ప్రాంతమున ఏలకుల తోటలు కలవు. ఆ మొక్క మన దేశమునుండి గత శతాబ్దారంభమున పోయినదే. నేడు ప్రపంచమున కెక్కువగా నేలకు లమ్ము దేశములలో నిది యొకటి. కాని యవి యరబ్బు దేశములకు పోవును. పండించువారి వంటింట దానికి దాదాపు చోటు లేదు.

ఫొటో తీయుటకు ముందు అనుమతి యడుగుట మరువరాదు. పిల్లల విషయమున మరియు జాగ్రత్త. 2000లో ఒక కొండయూర విదేశీయులు పిల్లల నెత్తుకొనిపోవుదురను పుకారు పుట్టి, ఒక జపాను యాత్రికుని, వారి బస్సు డ్రైవరును జనులు చంపిరి. యుద్ధమున బిడ్డలను పోగొట్టుకొన్న నేలపై భయము త్వరగా ప్రాకును.

స్వతంత్ర ప్రయాణమనగా ఒంటరి ప్రయాణమని మనము తలచెదము. ఆ దేశమున ఒక్క దినమైనను మేము ఒకరి నడుగకుండ కదలలేదు. నోరు మంచిదైన ఊరు మంచిదని మన పెద్దల మాట. పోవువారు స్పానిషున పది మాటలు, వానితోపాటు “మల్త్యోష్” అను మాటయు నేర్చుకొనిపోవలెను. కిచే, కక్చికెల్ భాషలలో అది కృతజ్ఞత తెలుపు మాట. స్పానిషు మాటకు వారు తలయూపుదురు. ఈ మాటకు బల్లమీద జరిగి చోటిత్తురు.