మా ఊళ్ళో కోట లేదు

కోటలు చూడాలంటే డబ్బున్నవాళ్ళు రాజస్థాన్ వెళతారు. ఇంకా డబ్బున్నవాళ్ళు విలాయతు వెళతారు. మెస్సు బిల్లు కట్టగా మిగిలిన చిల్లరతో మేం అయిదుగురం విజయనగరం వెళ్ళాం. విశాఖపట్నం నుంచి 60 కిలోమీటర్లు. పాసింజరు బండిలో వేరుశనక్కాయలు వలుచుకుంటూ కబుర్లాడేలోపే ఊరొచ్చేస్తుంది.

నిజానికి మేం వెళ్ళింది కోట కోసం కాదు, కొలువు కోసం. మా జట్టులోని విజయనగరం వాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. "శని, ఆదివారాలు మా ఇంట్లోనే పండగ. ఒక్కడు తగ్గినా ఊరుకోను" అన్నాడు. మిగతావాళ్ళలో ఒకడిది గుంటూరు, ఒకడిది అనంతపురం, మరొకడిది భీమవరం. నాది కొయ్యూరు. "అదెక్కడుంది?" అని అడిగితే "నర్సీపట్నం దగ్గర" అంటాను. నర్సీపట్నం దాటి ఇంకా కొండల్లోకి వెళ్ళాలని వివరించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. నా వంతుగా మాడుగుల హల్వా పట్టుకెళ్ళాను. మా వైపువాళ్ళు ఎవరింటికి వెళ్ళినా చేసే మర్యాద అదే.

పండక్కి వెళుతున్నా నా మనసులో ఒక బరువుంది. ఆ వారమే ఇంటి దగ్గర్నుంచి కబురొచ్చింది. చెల్లి ఇంటర్ పాసయింది. పైచదువుకి ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతామని నాన్న వెనకాడుతున్నాడు. "నీ మాటేమిటి?" అని అడిగాడు. వచ్చి చెబుతానన్నాను.

శనివారం మధ్యాహ్నం కోటకి బయలుదేరాం. దారిలో గంటస్తంభం. 1885లో కట్టినదట. దాటి ముందుకెళితే నగర్‌ఖానా, అంటే కోట ప్రధాన ద్వారం. దాని పైనున్న మంటపాలు, నగిషీలు చూసి అనంతపురం వాడు తల వెనక్కి వాల్చి అలా ఉండిపోయాడు. లోపల మోతీమహల్. 1869లో మూడవ విజయరామ గజపతిరాజు దర్బారు కోసం కట్టించాడు. ద్వారం దగ్గర పాలరాతి బొమ్మలు. ఒకప్పుడు ఇక్కడ నిలబడాలంటే చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడాలి కాబోలు.

గుంటూరు వాడు బురుజు వైపు చూసి, నా వీపు మీద చరిచి, "ఒరేయ్, మీ కొయ్యూరులో ఇలాంటిదేమన్నా ఉందా? ఉంటే రేపే పోదాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కోట నేదు గానీ కొండలున్నాయి, వస్తావా?" అన్నాను. నవ్వు ఆగింది గానీ ఆ ప్రశ్న నాతోపాటే నడిచింది.

రాత్రి మిత్రుడి ఇంట్లో పండగ. వాళ్ళమ్మగారు అరటికాయ ఆవ పెట్టి వండారు, పులిహోర కలిపారు. ఇంటి వాకిట్లో చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టారు. ఉద్యోగస్తుడి నోట్లో హల్వా కుక్కి, "మొదటి జీతం మాదేరా" అని కేకలేశాం. భీమవరం వాడు పాట అందుకున్నాడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు వాయించిన ఊళ్ళో అలా పాడటం అపచారమని మేం ఎంత చెప్పినా వినలేదు.

మిత్రుడి నాన్నగారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన మాస్టారు. పాట ఆగాక ఆయన మొదలెట్టారు. "ఈ కోటకి విజయాలు ఎన్నో చూడండి బాబూ. 1713, విజయ నామ సంవత్సరం. విజయదశమి రోజు. మంగళవారం, మన వైపు దాన్ని జయవారం అంటాం. రాజు పేరూ విజయే. ఇన్ని విజయాలు చూసుకుని పునాది వేశారని చెప్పుకుంటారు. మరి జరిగిందేటి?"

జరిగింది ఆయనే చెప్పారు. 1757 జనవరిలో బుస్సీ దొర ఫిరంగుల అండతో బొబ్బిలిని గెలిచిన విజయరామరాజు, కొద్ది రోజులకే గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. పేష్కషు బకాయిల తగాదా ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన్న విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు.

"అప్పుడు ఆయన కొడుకు నారాయణబాబు ఎక్కడికి పోయాడనుకున్నారు? కోటలోకి కాదు. కొండ ప్రాంతపు జమీందార్ల అండకి పోయాడు. కుంపిణీ వాళ్ళు రాజీకొచ్చాకే ఎస్టేటులో కొంత భాగం తిరిగొచ్చింది. గోడలు కాయలేని బిడ్డని కొండలు కాశాయి బాబూ!"

అవి మా గూడెం కొండలు కావు. అయినా కొండలే కదా! నాకు ఎక్కడలేని ధైర్యమొచ్చింది. "మా కొండల సంగతి నేను చెబుతాను మాస్టారూ" అన్నాను.

నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేసినప్పుడు గిరిజనుల చేత వెట్టి చేయించిన సంగతి చెప్పాను. ఆ రోడ్డుకి మా ముత్తాత రాళ్ళు మోశాడని మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. అడవి చట్టాలు వచ్చి పోడు కొట్టుకోవడం నేరమయింది. కడుపు మండిన జనం అల్లూరి సీతారామరాజు వెనక నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. రెండేళ్ళు తెల్లవాడి పటాలాలకి కంటి మీద కునుకు లేదు. 1924 మే 7న ఆయన్ని మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకొచ్చి, విచారణ లేకుండా చెట్టుకి కట్టి కాల్చారు. అప్పటికి 27 ఏళ్ళయినా నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి గుంటూరు వాడు నా పక్కకి జరిగి, "ఇన్నాళ్ళూ చెప్పవేంరా?" అన్నాడు. "నువ్వు అడిగావు గనక చెప్పాను" అన్నాను.

ఆదివారం పొద్దున్న బండికి వేళుందని మళ్ళీ కోట దాకా నడిచాం. అప్పుడు మాస్టారు ఒక మాటన్నారు. "1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టు పెట్టకపోతే ఈ కోట గతేటి? గబ్బిలాలకి ఇల్లయ్యేది. చదువుకిచ్చారు గనక బతికింది." శనివారం మేం చూసిన దృశ్యం అప్పుడు నాకు అర్థమయింది. పుస్తకాలు గుండెకి హత్తుకుని నగర్‌ఖానా కింద నుంచి గలగలా మాట్లాడుకుంటూ వచ్చిన ఆడపిల్లలు ఎవరి కూతుళ్ళు? రాజుల కూతుళ్ళు కారు. రిక్షా తొక్కేవాళ్ళవి, జూటు మిల్లులో పని చేసేవాళ్ళవి, పొలం దున్నేవాళ్ళవి అయి ఉంటాయి ఆ కడుపులు. కోటకి అంతకన్నా అలంకారం ఏం కావాలి? పాలరాతి బొమ్మలు నేను మరిచిపోయాను గానీ ఆ పిల్లల్ని మరిచిపోలేదు.

చెల్లి సంగతి అమ్మగారికి చెప్పాను. ఆవిడ ఆలోచించను కూడా లేదు. "దాన్ని ఇక్కడ చేర్పించు బాబూ. మా ఇంట్లోనే ఉంటుంది. వీడు ఉద్యోగానికి పోతే నాకూ ఇల్లు బోసిపోతుంది" అన్నారు.

మర్నాడు విశాఖలో దిగకుండానే నర్సీపట్నం బస్సెక్కి ఇంటికి చేరాను. నాన్న అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "రాజుగారి కోటలోనా మన గుంట చదివేది?" అన్నాడు. కోపమో, సంతోషమో తెలియని గొంతు. నాయనమ్మ అరుగు మీద నుంచి, "ఎళ్ళనీరా. మీ తాత మోసిన రాళ్ళ రోడ్డు మీంచి ఎళ్ళి రానీ" అంది.

దరఖాస్తు పంపాం. చెల్లి పేరు జాబితాలో వచ్చింది.

మిత్రులారా, మా ఊళ్ళో కోట లేదు. అయినా ఈసారి మే 7న నలుగురూ వస్తామని మాటిచ్చారు. మంప చెరువు, కొయ్యూరు, కృష్ణదేవిపేట చూపిస్తాను. హల్వా నాదే. గుంటూరు వాడు మాత్రం కొండ ఎక్కడానికి చెప్పులు మార్చుకుని రావాలి.