సూర్యుడు రాని ఊళ్ళో పురుడు

మా ఇల్లు తార్నాకలో. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడవడం నాకు అలవాటు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద లేత ఎండ పడేసరికి ఇంటిదారి పడతాను. డిసెంబరు చలిలో కూడా ఏడు కొట్టకముందే సూర్యుడు వచ్చేస్తాడు. ఆయన అసలు రాకపోతే ఎలా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మీరు మాత్రం అనుకుని ఉంటారా?

రెండేళ్ళ క్రితం ఆ ముచ్చటా తీరింది. మా చెల్లెలు నార్వే దేశంలో ట్రామ్సో అనే ఊళ్ళో ఉంటుంది. మరిది అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తాడు. చెల్లెలికి నెలలు నిండాయి. మాకు అమ్మ లేదు. ఇంక పురుడు పొయ్యడానికి నేను కాక ఎవరు వెళ్తారు? శొంఠిపొడి, వాము, కరివేపాకు కారం కట్టుకుని బయల్దేరాను. నెయ్యి సంగతి అక్కడే వెన్న కొని కాచుకోవచ్చులే అనుకున్నాను.

నవంబరు మూడో వారంలో, మధ్యాహ్నం రెండున్నరకి దిగాను. వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి! గడియారం తప్పేమో అనుకున్నాను. "వదినగారూ, ఇంకో వారం పోతే ఈపాటి పొద్దు కూడా ఉండదు" అని నవ్వాడు మరిది.

మన హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉంటే, ఆ ఊరు దాదాపు 70 డిగ్రీల దగ్గర ఉందట. భూమి ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంది కదా, చలికాలంలో ఆ ఉత్తరపు కొస సూర్యుడికి మొహం చాటేస్తుంది. నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా అక్కడ సూర్యుడు పైకే రాడు. మే 20 నుంచి జులై 22 దాకానేమో అసలు అస్తమించడు. మనకి అతి చిన్న పగలు 11 గంటలు, అతి పెద్ద పగలు 13 గంటలు. ఆ రెండు గంటల తేడాకే మనం పొద్దు కుంకిందని, పొద్దు పొడుగైందని అనుకుంటాం!

అలాగని కటిక చీకటేం కాదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆకాశం నీలంగా వెలుగుతుంది. మన దగ్గర తెల్లవారుజామున ముగ్గు వేసుకునేటప్పుడు ఉంటుందే, అలాంటి వెలుగు. కింద మంచు తెల్లగా ఉండడం వల్ల దారి బాగానే కనపడుతుంది.

ఇక చలి. గడ్డకట్టుకుపోతానని హడలిపోతూ వెళ్ళాను. తీరా చూస్తే జనవరిలో కూడా సగటున మైనస్ 4 డిగ్రీలేనట. కారణం సముద్రం. ఎక్కడో అమెరికా దగ్గర వేడెక్కిన నీరు అట్లాంటిక్ సముద్రం దాటి ఆ ఒడ్డు దాకా వస్తుంది. అందుకే అక్కడి రేవు చలికాలంలో కూడా గడ్డకట్టదు. అదే దేశంలో, సముద్రానికి దూరంగా లోపల ఉన్న కరాస్యోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51 డిగ్రీలు దాటిందట. మన విశాఖపట్నం తలచుకోండి. సముద్రం అక్కడ ఎండని మరీ ఎక్కనివ్వదు, చలిని మరీ దిగనివ్వదు. ఇదీ అంతే.

కానీ ఆ సముద్రంతోనే ఇంకో తంటా. ఉన్నట్టుండి గాలి వెచ్చబడి, మంచు మీద వాన పడుతుంది. మర్నాడు అది గడ్డకట్టి వీధంతా అద్దంలా అవుతుంది. చలికన్నా ఆ జారుడుకే నేను ఎక్కువ భయపడ్డాను. బూట్ల కింద ముళ్ళ పట్టీలు తగిలించుకోందే పాల ప్యాకెట్‌కి కూడా వెళ్ళలేదు.

డిసెంబరు మొదటి వారంలో చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. నేను మన పద్ధతి ప్రకారం చెల్లెలి చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, గడప దాటనివ్వలేదు. చేతికి చల్లనీళ్ళు తగలనివ్వలేదు. మన దగ్గరైతే పిల్లకి స్నానం చేయించి లేత ఎండలో కాసేపు పడుకోబెడతాం. అక్కడ ఎండేదీ? కిటికీ తెరలు కూడా వేసేసి, దీపం పెట్టుకుని కూర్చున్నాం.

రెండు వారాలకి చెల్లెలు మాట్లాడడం తగ్గించేసింది. పిల్ల పాలు తాగుతుంటే కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పచ్చి బాలింత నీరసంలే అనుకున్నాను. పిల్లని చూడడానికి వచ్చిన నర్సు మాత్రం తల్లిని ఎక్కువసేపు చూసింది. పిల్లకి విటమిన్ డి చుక్కలు మానొద్దంది. తల్లిని డాక్టరుకి చూపించమంది. రోజూ మధ్యాహ్నం ఆ కాస్త వెలుగులో తల్లీ పిల్లా బయటికి వెళ్ళాలంది.

నాకు కోపం వచ్చింది. బాలింతని మంచులోకి తోలతారా? "నేనుండగా కుదరదు" అన్నాను. చెల్లెలు ఒక్కటే మాటంది: "అక్కా, నన్ను ఈ గదిలోంచి బయటికి తియ్యి." ఆ గొంతు విని నాకు గుండె జారిపోయింది.

మర్నాడే ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటి తొడిగి, పిల్లని గొర్రెతోలు పరిచిన బండిలో పడుకోబెట్టి బయల్దేరాం. మైనస్ 10 కన్నా దిగితే పిల్లని తేవద్దంది నర్సు. దారిలో ఎందరో తల్లులు మాలాగే బండ్లు తోసుకుంటూ కనిపించారు. ఊరంతా చేసేదే, నాకే తెలియలేదు! డాక్టరు దగ్గరికీ వెళ్ళాం. రోజూ నడిచాం. నెల తిరిగేసరికి చెల్లెలు పులుసులో ఉప్పు తక్కువైందని నాతో పోట్లాడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

జనవరి 21 ఆ ఊళ్ళో పండుగ. సూర్యుడు 15వ తేదీకే పైకొచ్చినా కొండలు దాటి ఊరికి కనపడేది అప్పుడట. ఆ రోజు సూర్యుడి పేరు చెప్పి లోపల తీపి పెట్టి నూనెలో వేయించిన బన్నులు తింటారు. మన బూరెలకి చుట్టాలనుకోండి. మాకేమో ఆ రోజంతా మబ్బు! నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం కొండ సందులోంచి ఒక్క పది నిమిషాలు కనిపించాడు. ఏడు వారాల పిల్ల మొహం మీద మొదటిసారి ఎండ పడింది. మా ఇద్దరికీ మాట రాలేదు. నేను నడిరోడ్డు మీదే దణ్ణం పెట్టాను.

ఇంకో ముచ్చట. మనం మే ఎండలో వడియాలు పెట్టుకుంటాం కదా, ఆ దేశంలో లోఫోటెన్ దీవుల వాళ్ళు చలిగాలిలో చేపలు ఎండబెడతారు. ఫిబ్రవరి నుంచి మే దాకా కర్రల మీద వేలాడదీస్తారు. మరీ చలైతే చేప గడ్డకట్టి పాడవుతుంది, వేడెక్కితే ఈగలు ముసురుతాయి. సున్నాకి అటూ ఇటూ ఉండే ఆ వాతావరణం ఉంటేనే కుదురుతుంది.

అలాంటి చోటికి పురుడు పొయ్యడానికి వెళ్ళే అమ్మలకి రెండు మాటలు. ఒంటికి ఆనుకుని నూలు కాదు, ఉన్ని వేసుకోండి. ఇడ్లీ పిండి పొంగకపోతే ఓవెన్‌లో దీపం మాత్రం వేసి రాత్రంతా అందులో పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, బాలింత మౌనంగా ఉంటే మామూలేలే అని వదిలెయ్యకండి.

మొన్న ఏప్రిల్‌లో చెల్లెలు పాపతో తార్నాక వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి అలవాటు కొద్దీ పిల్లని బయటికి తీసుకెళ్ళబోయింది. "ఈ ఎండలోనా?" అని కేకేశాను. నవ్వి చెప్పులు విప్పేసింది. "అక్కడ నర్సు మాట, ఇక్కడ నీ మాటే అక్కా!" అంది.

మన పెద్దవాళ్ళ పద్ధతులు తప్పని నేననను. అవి మన ఎండకి పుట్టినవి. ఊరు మారితే ముందు ఆ ఊరి ఆకాశం ఏమంటోందో కనుక్కోవాలి. ఏమంటారు?