పజుండౌంగ్‌లో పొడుగాటి వైరు

మా తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల్లో ఎవరైనా నాలుగు నెలలు కనిపించకపోతే "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. కాకినాడలోనో, భీమునిపట్నంలోనో, విశాఖలోనో ఓడ ఎక్కడం, అక్కడ దిగి బియ్యం మిల్లులోనో రేవులోనో పనికి కుదరడం. అక్కడివాళ్ళు మనవాళ్ళని "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిని మరి కోలుకోలేదు గాని, పేరు మాత్రం సముద్రం దాటి బతికింది.

2024 డిసెంబరులో ఆ రంగం వెళ్ళి పదిరోజులుండి వచ్చాను. మా దూరపు చుట్టాలున్నది ఊరికి తూర్పు కొసన, కాలువ ఒడ్డునున్న పజుండౌంగ్ పేటలో. బర్మా భాషలో 'పజూన్' అంటే రొయ్య, 'టౌంగ్' అంటే కొండ. రొయ్యల కొండన్నమాట. కొండ నాకెక్కడా కనబడలేదు. రొయ్యలు మాత్రం బజారులో దండిగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ కాలువ పొడుగునా బియ్యం మిల్లులే. బస్తాలు మోసిన భుజాల్లో మనవాళ్ళవి చాలా ఉన్నాయి. 1930 మే నెల అల్లర్లు, 1942లో జపాను దండయాత్ర, 1960లలో వ్యాపారాల జాతీయీకరణ, ఈ మూడు దెబ్బలకీ చాలామంది వెనక్కి వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట అలా ఏర్పడిందే. కొందరు ఉండిపోయారు. వాళ్ళ మనవల తెలుగులో ఇప్పటికీ శ్రీకాకుళం యాస వినిపిస్తుంది, మధ్యలో బర్మా మాటలు దొర్లుతూంటాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను బయలుదేరే ముందు మన సంఘంలో ఒక మిత్రుడు నన్నొక ప్రశ్న అడిగారు. ఆయన కొత్తగా మోటార్ హోమ్ కొన్నారు. ప్రయాణం లేని రోజుల్లో దాన్ని డ్రైవ్ వేలో నిలిపి, గరాజ్‌లో ఉన్న మామూలు ప్లగ్గు నుంచి కరెంటు ఇవ్వవచ్చునా అని. ఇంజనీరునే అయినా ఫోన్లో పొడిపొడిగా చెప్పి ఊరుకున్నాను. నిండు జవాబు నాకు పజుండౌంగ్‌లో దొరికింది.

అక్కడ కరెంటుకు చాలా విలువ. ఆ మాటకొస్తే ఎలక్ట్రిక్ ట్రాములు 1906లోనే నడిచిన ఊరది! 1960లో లోపీత జలవిద్యుత్తు కూడా వచ్చింది. 2008 మే నర్గీస్ తుపానులో స్తంభాలు కూలి ఊరు చీకట్లో మగ్గింది. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తరవాత కొరత మరీ ముదిరింది. నేనున్న వారంలో వంతులవారీగా నాలుగు గంటలు వచ్చేది, ఎనిమిది గంటలు పోయేది. పోగానే కాలిబాటల మీద జెనరేటర్లు గురగురలాడేవి. వచ్చిందంటే వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చేది. నీళ్ళ మోటారు, ఇస్త్రీ, కుక్కరు, అన్నీ ఒకేసారి!

మా చుట్టాల మేడ కింద ఒక బ్యాటరీ కారుండేది. 2022 చివర్లో అక్కడ బ్యాటరీ కార్లకు దిగుమతి సుంకం ఎత్తేశారు, పెట్రోలు క్యూలు చూసి కొన్నవాళ్ళు కొన్నారు. బాల్కనీల నుంచి క్లిప్పు కట్టిన తాళ్ళు వేలాడుతూండడం యాంగోన్ మేడలకు అలవాటైన అలంకారం. పేపరూ పార్సెలూ దానికే తగిలిస్తారు. ఆ తాళ్ళ మధ్య మొదటి అంతస్తు నుంచి నల్లటి లావుపాటి వైరొకటి కారు దాకా దిగింది. అది వేసిన మేస్త్రీ మన తెలుగాయనే, అరవై దాటినాయన. నేను అడగ్గా చూపించారు.

ఇంట్లో ఏ ప్లగ్గు నుంచీ తీయలేదు. మెయిన్ బోర్డు నుంచే వేరే బ్రేకరు, వేరే తీగ. మధ్యలో అతుకు లేదు. మిగిలిన వైరుని చుట్టగా పెట్టక, పొడుగునా గోడకు ఎడంగా పరిచారు. "సుట్టలో యేడి బయటికి పోదు బాబూ, లోపల్లోపల మాడిపోద్ది" అన్నారు. కారు వైపు ప్లగ్గు నేలమీద కాకుండా కొక్కేనికి వేలాడుతోంది, అక్కడి వానలు మనకు తెలియనివి కావు. మేడ పాతది, ఎర్త్ తీగ లేదు. కొత్తగా నేలలో కడ్డీ దిగేశారు. "కడ్డీ ఒక్కటీ సాలదు" అని, మీట నొక్కి చూపించారు. టక్కున కరెంటు పోయింది. అది 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితేనే తెంచేసే ఆర్.సి.సి.బి. ఎందుకంటే కడ్డీ గుండా మట్టిలోకి పోయే కరెంటు మామూలు బ్రేకరును తెంచేంత ఉండదు.

అక్కడి 230 వోల్టుల మీద ఆ కారు 8 ఆంపియర్లు తీసుకునేది, అంటే 1840 వాట్లు. నాలుగు గంటలకు ఏడు యూనిట్ల పైచిలుకు. అదే 1840 వాట్లు మన అమెరికా 120 వోల్టుల మీద కావాలంటే 15 ఆంపియర్లు దాటుతుంది. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అదే తీగలో వేడి మూడున్నర రెట్ల పైమాటే. వోల్టేజి తక్కువ గనుక షాకు తక్కువేమో గాని, నిప్పు భయం మనకే ఎక్కువ! గరాజ్‌లోని 15 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటల తరబడి లాగవలసింది 12 దాకానే. మోటార్ హోమ్ కప్పు మీది ఏ.సి. ఒక్కటే దాదాపు అంత అడుగుతుంది. కాబట్టి గరాజ్ ప్లగ్గు మీద బ్యాటరీ ఛార్జి, దీపాలు, ఫ్రిజ్ పెట్టుకోవచ్చు. ఏ.సి., మైక్రోవేవ్, హీటరు వద్దు. 15ని 30కి అతికించే అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుందే గాని గోడలో తీగని లావు చెయ్యదు. ఎక్స్‌టెన్షన్ వైరు 10 గేజిది, బయట వాడేది కొనండి. గేజి అంకె తగ్గితే తీగ లావు. మేస్త్రీగారు చేసినట్టే అరగంట పోయాక ప్లగ్గుని చేత్తో ముట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, వేడెక్కితే ఆపేయండి.

వేరే లైను వేయించుకోదలచినవారికి ఒక మాట. మోటార్ హోమ్ మూడుముళ్ళ 30 ఆంపియర్ల ప్లగ్గు 120 వోల్టులది. బట్టలారబెట్టే డ్రయ్యర్‌ది కూడా 30 ఆంపియర్లే, కాని 240 వోల్టులది. "30 ఆంపియర్లు" అనగానే డ్రయ్యర్ అనుకుని 240 ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు లేకపోలేదు. బండిలో ఉన్నవన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి. కలిపేముందు మీటరు పెట్టి కొలవమని దగ్గరుండి అడగండి, మొహమాటపడకండి.

అన్నిటికన్నా నాకు భయం ఎర్త్ గురించే. బండి రబ్బరు టైర్ల మీద నిలుచుంటుంది. ఎర్త్ ఎక్కడో తెగి, లోపల ఒక తీగ ఒళ్ళు తాకితే, బండి శరీరమంతా కరెంటెక్కి చప్పుడు చేయకుండా కూచుంటుంది. లోపలున్నవారికి ఏమీ తెలియదు. తడిగడ్డి మీద వట్టికాళ్ళతో వచ్చి తలుపు పట్టుకున్న పిల్లవాడికి తెలుస్తుంది. పాత ఇళ్ళలో రెండు కన్నాల ప్లగ్గుకి సరిపోవాలని మూడోముల్లు విరిచేవారున్నారు, ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దు. పడిపోతూండే జి.ఎఫ్.సి.ఐ.ని తప్పించి వేరే ప్లగ్గు వెతకడమూ అంతే. అది పడిపోవడానికి కారణం ముందు వెతకాలి. తీగకు తాకించకుండానే కరెంటు కనిపెట్టే టెస్టరు కొద్ది డాలర్లకు దొరుకుతుంది. కలిపిన ప్రతిసారీ తలుపు ముట్టే ముందు దానితో చూడండి.

రాత్రి కరెంటు పోయాక పజుండౌంగ్‌లో ఆ కారే ఇంటికి వెలుగిచ్చేది. కారు నుంచి 230 వోల్టులు బయటికి తీసే అడాప్టర్ ఉంది. ఆ వైరుని పైకి లాగి ఒక ఫ్యాను, రెండు దీపాలు, ఫోన్లు, అన్నీ నేరుగా దానికే తగిలించేవారు. ఇంటి గోడ ప్లగ్గులో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది గదా అని ఇంట్లో కుర్రవాడు అడిగాడు. మేస్త్రీగారికి కోపం వచ్చింది. "ఆ కరెంటు ఈదిలోకి పోద్ది. ట్రాన్స్‌ఫార్మర్లో తిరగబడి యేల వోల్టులవుతాది. స్తంభం మీదున్నోడు లైను సచ్చిందనుకుని ముట్టుకుంటాడు. ఆడింట్లో పిల్లలుండరేటి?"

ఇల్లంతా వెలగాలంటే చేంజోవర్ స్విచ్చి పెట్టించుకోవాలి, వీధి లైను తెగాకే కారు లైను కలిసేలా. దాని ధర ఆయన చెప్పారు. కుర్రవాడి తండ్రి వచ్చే నెల చూద్దామన్నాడు. అంతవరకూ ఆ ఫ్యాను హాల్లోనే తిరిగింది, ఇంటిల్లిపాదీ దాని కిందే పడుకున్నాం.