గట్టు కింద గట్టుండదు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పొలం గట్టు జానెడు జరిగితే చాలు, పంచాయితీ మొదలవుతుంది. పెద్దమనుషులొస్తారు, సర్వేయరొచ్చి గొలుసు పరుస్తాడు. కొలిస్తే తేలిపోతుంది. మరి ఆ గట్టు కింద వందల అడుగుల లోతున ఉన్న నీళ్లను ఎవరు కొలవాలి?

మా చిన్నాయన చేను ఎమ్మిగనూరుకు దగ్గర్లోనే. ఉల్లి పెట్టేవాడు. పక్క చేని రైతు ఇంకా లోతుకు బోరు వేయించాక ఈయన బోరులో నీళ్లు తగ్గాయి. ఈయనా అప్పు చేసి మరింత లోతుకు పోయాడు. ఆయన మళ్లీ వేయించాడు. ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ బయటపెట్టలేదు. చివరికి రెండు బోర్లూ ఎండిపోయాయి. అప్పులు మిగిలాయి, రెండిళ్ల మధ్య మాటలు పోయాయి. 'నా చేలో నేను తవ్వుకుంటే తప్పేముంది?' అనేవాడు చిన్నాయన. అవతలాయనదీ అచ్చంగా అదే మాట!

ఇలాంటి తగువే కృష్ణా-గోదావరి బేసిన్‌లో, సముద్రం అడుగున, వేల కోట్ల రూపాయల మీద నడిచింది. అక్కడ ఓఎన్‌జీసీ బ్లాకులు, రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకు ఇరుగూ పొరుగూ. డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. మా గ్యాస్ అటు పోతోందంటూ ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. డీగాలియర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికా సంస్థ లెక్కలు కట్టి, సుమారు 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ అటు తరలిందని 2015లో తేల్చింది. రిలయన్స్ వాదనేమిటంటే... బావులన్నీ మా బ్లాకులోనే ఉన్నాయి, గ్యాస్ దానంతటదే కదిలే సరుకు, ఒప్పందంలో దీనికి అడ్డేమీ లేదు. 2018లో ఆర్బిట్రేషన్ తీర్పు 2-1 తేడాతో ఆ కంపెనీకే అనుకూలంగా వచ్చింది. 2023లో హైకోర్టు సింగిల్ జడ్జీ దాన్నే సమర్థించారు. 2025 ఫిబ్రవరిలో డివిజన్ బెంచ్ కొట్టేసింది. మరుసటి నెలలో కేంద్రం 281 కోట్ల డాలర్లు కట్టమంది. సవాలు చేస్తామంది కంపెనీ.

చమురు పరిశ్రమలో ఈ జబ్బుకు మందు పాతదే. రెండు లీజుల కింద నిల్వ ఒకటే అయితే లీజులు కలిపేస్తారు. దీన్నే యూనిటైజేషన్ అంటారు. తవ్వేది ఒక్కరే. ఎవరి కింద ఎంత ఉందో అంచనా కట్టి ఖర్చు, రాబడి ఆ లెక్కన పంచుకుంటారు. పోటీపడి తోడితే నేల లోపలి ఒత్తిడి పడిపోయి చాలా చమురు అక్కడే ఉండిపోతుంది. కలిస్తే ఆ నష్టం తగ్గుతుంది, అనవసరపు బావుల ఖర్చూ తప్పుతుంది. ఉత్తర సముద్రంలో బ్రిటన్, నార్వేల హద్దు మీదున్న ఫ్రిగ్ గ్యాస్ క్షేత్రం ఇలాగే నడిచింది. 1976లో ఒప్పందం, 1977లో గ్యాస్. నార్వేకు 60.82 శాతం, బ్రిటన్‌కు 39.18. దశాంశాల దాకా పంచుకున్నారు! అంకెల కన్నా నాకు నచ్చింది ఆ వరస... ముందు ఒప్పందం, తర్వాత గ్యాస్.

మన దగ్గర 1948 నాటి చమురు క్షేత్రాల చట్టాన్ని 2025లో సవరించి, లీజులు కలిపేందుకు నిబంధనలు చేసే అధికారం కేంద్రానికిచ్చారు. మంచిదే. కానీ కలవాలంటే ముందు ఇద్దరూ తమ తమ సర్వే కాగితాలు బల్ల మీద పెట్టాలి. అక్కడే చేతులు వెనక్కి పోతాయి. కేజీ బేసిన్‌లో బయటి సంస్థ వచ్చి లెక్క తేల్చేసరికే ఉత్పత్తి మొదలై ఆరేళ్లు దాటిపోయింది.